సమీక్షలో వినేదెవరు?

గోదావరికి వరదొచ్చి కోనసీమలోని చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే మునిగిందంటే ఆ లంకకు పడవే దిక్కు. ఐస్‌ప్యాకుల మధ్య టీకాలు సర్దిన క్యారియర్‌ను ఒళ్లో పెట్టుకుని ఏరు దాటే గ్రామ ఆరోగ్య కార్యకర్త ఏఎన్‌ఎంకు, ఒకసారి కలిపిన తట్టు-రుబెల్లా టీకాను నాలుగు గంటలు దాటితే పారబోయాల్సిందేనన్న లెక్క ఒక పక్క, తల్లులు ఇళ్ల దగ్గర ఉన్నారో పునరావాస కేంద్రానికి తరలారో అన్న బెంగ మరో పక్క. అంత చేసి తిరిగొచ్చాక ఎదురయ్యే మొదటి ప్రశ్న యాప్‌లో వివరాలు ఎందుకు ఎక్కలేదన్నదే అయితే, మర్నాడు ఆమె ఏ మనసుతో పనిలోకి వస్తుంది?

ఆరోగ్య సిబ్బందిలో అంకితభావం తగ్గిందన్న మాట సమీక్షల్లో తరచూ వినిపిస్తోంది. అది మనిషి స్వభావానికి సంబంధించినదే అయినట్టు మాట్లాడడం పైవారికి సులువు. మనిషి పనిలో మనసు పెట్టడానికి మూడు కావాలని 1990లో అమెరికా పరిశోధకుడు విలియం కాన్ చెప్పారు: పనికి అర్థం కనిపించడం, ఉన్నదున్నట్టు చెబితే చిక్కుల్లో పడనన్న భరోసా, చేయడానికి తగిన ఓపిక. ఆయన పరిశీలించింది వేసవి శిబిరం సిబ్బందిని, ఒక ఆర్కిటెక్చర్ సంస్థ ఉద్యోగులను. అయినా ఆ మూడూ పల్లెల్లోని మన ఆరోగ్య ఉపకేంద్రాలకు అతికినట్టు సరిపోతాయి.

మొదటిదానికి ఇక్కడ కరువు లేదు. ఎవరింట్లో ఎవరికి నెలలు నిండాయో ఆశా కార్యకర్తకు నోటి లెక్కే. కొరవడుతున్నవి మిగతా రెండు. ముందు ఓపిక సంగతి చూద్దాం. మైదాన ప్రాంతంలో ఐదు వేల జనాభాకు ఒక ఉపకేంద్రం అన్న ప్రమాణం కాగితం మీద అందరికీ సమానమే గానీ, అమలాపురం చుట్టుపక్కల ఐదు వేలూ, పాయకు అటూ ఇటూ చెదిరిన లంకల్లో ఐదు వేలూ ఒకటి కావు. రిజిస్టర్‌లో రాసిందే మళ్లీ యాప్‌లో ఎక్కించడానికి సిగ్నల్ వెతుక్కుంటూ ఏటిగట్టు మీద నిలబడిన సమయం ఏ టార్గెట్‌లోనూ లెక్కకు రాదు.

భరోసా లేకపోవడం ఇంకా ప్రమాదం. కొబ్బరి తోటల్లో పడేసిన చిప్పల్లో వాన నీరు నిలిస్తే డెంగీ దోమ పెరుగుతుంది. జ్వరాలు ఎక్కువ చూపిన వారికే మెమో వస్తుందన్న భయం ఉన్నచోట తగ్గేది జ్వరం కాదు, దాని నమోదు. వ్యాధి ఊరంతా పాకాక వైద్య శిబిరం పెట్టి ప్రయోజనమేమిటి?

వేతనాల సంగతి చిన్నదని మేము అనడం లేదు. రాష్ట్రంలో ఆశాల గౌరవ వేతనం 2019లో 10,000 రూపాయలకు పెరిగింది. 2005లో మొదలైన పథకంలో గ్రాట్యుటీ, 180 రోజుల ప్రసూతి సెలవులకు 2025 దాకా ఆగాల్సి వచ్చిందన్నదీ మరువరాదు. అయితే జీతం పెరిగినంత మాత్రాన నిలదీత భయం పోదు.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) నెలవారీ సమావేశంలో మొదటి అరగంట సిబ్బంది చెప్పడానికే కేటాయించాలి. వైద్యాధికారి దాన్ని రాసుకుని మరుసటి నెల జవాబివ్వాలి. ఒక వివరాన్ని ఒక్కచోటే నమోదు చేయించాలి, వరద రోజుల్లో యాప్ గడువులు సడలించాలి. లంకలకు వెళ్లే పడవ కిరాయి ఏ పద్దు నుంచి వస్తుందో జూలైకి ముందే సిబ్బందికి రాతపూర్వకంగా చెప్పాలి.