“మాజీ జవానుకి ఆర్డర్ చాలు, అడగక్కర్లేదు” అనే ఫార్వర్డ్‌కి నా జవాబు

మాజీ సైనికుల కుటుంబాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది, నాకే నలుగురు పంపారు. స్కిజోఫ్రీనియా, బైపోలార్ లాంటి పెద్ద మానసిక జబ్బు వచ్చిన మాజీ జవాన్లను మందుల గురించి అడగడం దండగ అని దాని సారాంశం. వాళ్లకు అర్థం కాదట, ఆర్డర్ వినడం అలవాటే కాబట్టి డాక్టర్ చెప్తే చాలట, అడిగితే మందులు మానేస్తారట, మొండికేస్తే మజ్జిగలో కలిపి ఇచ్చేయాలట. మా బాబాయి పదిహేడేళ్లు సర్వీసు చేసి హవల్దారుగా రిటైరై వచ్చాడు, రెండేళ్లకు స్కిజోఫ్రీనియా అని తేలింది. ఆయన వెంట ఆసుపత్రులు తిరిగింది నేనే కాబట్టి ఒక్కొక్కటే తీసుకుంటా.

“వాళ్లకు అర్థం కాదు.” జబ్బు పేరు చూసి ఆ మాట అనేస్తే చట్టం ఒప్పుకోదు. 2018 మే 29 నుంచి అమల్లో ఉన్న మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 నాలుగో సెక్షన్ చూడండి. తన వైద్యం సంగతి అర్థం చేసుకోగలిగిన మనిషికి దాని మీద నిర్ణయం తీసుకునే సామర్థ్యం ఉన్నట్టే, ఆ నిర్ణయం మనకు తప్పుగా తోచినంత మాత్రాన సామర్థ్యం లేనట్టు కాదు. అమెరికాలో 1995లో వచ్చిన మెకార్థర్ అధ్యయనంలో, స్కిజోఫ్రీనియాతో ఆసుపత్రిలో చేరినవాళ్లలో దాదాపు సగం మంది నిర్ణయ సామర్థ్యానికి పెట్టిన పరీక్షలన్నిట్లోనూ సరిపడా రాణించారు. మిగతా సగానికి ఇబ్బంది ఉంది, దాచను. కానీ ఆసుపత్రిలో చేరాల్సినంత ముదిరిన రోజుల్లోనే లెక్క అది, ఇంట్లో ఉండి పెన్షన్ డబ్బులు తానే డ్రా చేసుకునే మనిషిని ఒక్క మాట అడగడానికి మనకేం అడ్డం?

“ఆర్డర్ వినడం అలవాటు.” ఫార్వర్డ్‌లో నాకు బాగా ఒళ్లు మండింది ఇక్కడే. మిలిటరీ ఆసుపత్రిలో డాక్టర్ అంటే భుజం మీద ర్యాంకు ఉన్న ఆఫీసరు, ఎదురుగా కూర్చున్నది హవల్దారు. అక్కడ వచ్చే “యస్ సర్” ఒప్పుకోలు కాదు, అలవాటు. పైగా సర్వీసులో ఉన్నన్నాళ్లూ మనసు బాగోలేదని నోరు విప్పితే షేప్-1 (పూర్తి ఫిట్ అనే మెడికల్ గ్రేడు) పోతుంది, తక్కువ మెడికల్ కేటగిరీ పడుతుంది, ప్రమోషన్ మీద దెబ్బ పడుతుందన్న భయం. అలా దాచడం నేర్చుకున్న మనిషి రిటైరయ్యాక ఈసీహెచ్ఎస్ (మాజీ సైనికుల వైద్య పథకం) పాలీక్లినిక్‌లో కూర్చుని అంతా బాగానే ఉంది సర్ అంటాడు, మనం హమ్మయ్య అనుకుని ఇంటికొస్తాం. ఆయన్ని రెండోసారి, మూడోసారి, వీలైతే ఇంటివాళ్లు పక్కన లేకుండా అడగాల్సింది అందుకే.

“అడిగితే మానేస్తారు.” బాబాయి ఒక బ్యాంకు ఏటీఎం దగ్గర నైట్ డ్యూటీ గార్డు. రాత్రి ఎనిమిదికి ఒలాంజపిన్ అని చీటీలో రాశారు, అది మగత తెచ్చే మందు, తొమ్మిదికేమో డ్యూటీ. నిద్రపోతూ దొరికితే ఉద్యోగం పోతుంది. ఈ సంగతి ఎవరం అడగలేదు, ఆయనా చెప్పలేదు. ఓ రోజు పిన్ని ఇల్లు సర్దుతుంటే పాత షేవింగ్ డబ్బాలో ముప్పై ఒక్క మాత్రలు దొరికాయి, బ్లేడు కాగితాల్లో వరసగా చుట్టి పెట్టి ఉన్నాయి. తర్వాత ఇంకో డాక్టర్ “ఈ మాత్రతో మీకేం ఇబ్బంది?” అని అడిగి, రెండు నిమిషాలు ఆగి విని, డ్యూటీ దిగాక పొద్దున వేసుకోమన్నాడు. అదే మందు, అదే డోసు. ఇప్పుడు వేసుకుంటున్నాడు. అసలు మందు ఆగిపోవడానికి అడగడమే కారణమా ఏంటి? 2005లో వెలువడ్డ కేటీ అధ్యయనంలో దాదాపు 1,500 మంది స్కిజోఫ్రీనియా పేషెంట్లను తీసుకుంటే, 74 శాతం మందికి మొదలుపెట్టిన మందు 18 నెలలు నిండకుండానే ఆగిపోయింది. కొందరికి పని చేయలేదు, కొందరు సైడ్ ఎఫెక్ట్స్ తట్టుకోలేకపోయారు, చాలామంది తామే వద్దనుకున్నారు.

“మజ్జిగలో కలిపి ఇవ్వండి.” మేమూ ఈ పని చేశాం, సిగ్గుతోనే చెప్తున్నా. గ్లాసు అడుగున తెల్లటి పొడి చూసి బాబాయి నెల రోజులు ఇంట్లో పచ్చి మంచినీళ్లు ముట్టలేదు, వీధి చివర హోటల్లో తిన్నాడు. తిండిలో ఎవరో ఏదో కలుపుతున్నారన్నదే అసలు ఆయన భ్రమ, దాన్ని మేమే నిజం చేసి చూపించాం. ఇక లిథియం, క్లోజపిన్ లాంటివి అయితే రక్తపరీక్షలు తప్పనిసరి, చెప్పకుండా సూది గుచ్చి రక్తం ఎలా తీస్తారో ఆ ఫార్వర్డ్ రాసినాయన చెప్పాలి.

“మరి చేయి దాటితే?” ఇది మాత్రం న్యాయమైన ప్రశ్న. ప్రాణం మీదికొచ్చినప్పుడు, ఏ వైద్యం వద్దో మనిషి ముందే రాసిపెట్టుకున్న ముందస్తు పత్రం ఏం ఉన్నా ఆగనక్కర్లేదు, అత్యవసర చికిత్సకు చట్టమే 72 గంటల దాకా వీలిచ్చింది, అవసరమైతే తర్వాత ఆసుపత్రిలో చేర్చడానికి 89వ సెక్షన్ ఉంది. కానీ అది ఆ కొద్ది రోజుల కోసం, మిగతా జీవితమంతటికీ కాదు. మామూలు రోజుల్లోనే ఏ వైద్యం కావాలో, ఏది వద్దో మనిషి తనే ముందుగా రాసిపెట్టుకోవచ్చు, తన తరఫున మాట్లాడే మనిషినీ ఎంచుకోవచ్చు.

బాబాయి రాసిన కాగితంలో రెండే షరతులున్నాయి: పోలీసుల్ని పిలవొద్దు, ఒళ్లు బిగుసుకుపోయేలా చేసిన ఆ ఇంజెక్షన్ మళ్లీ వద్దు. తన తరఫు మనిషిగా పిన్నిని కాకుండా యూనిట్లో తనతో పని చేసిన స్నేహితుణ్ణి పెట్టుకున్నాడు. పిన్ని రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. కాగితం జిరాక్స్ మాత్రం ఆవిడ హ్యాండ్‌బ్యాగులోనే ఉంటుంది, ఈసీహెచ్ఎస్ కార్డు పక్కన.