డ్రమ్ము గోబర్ గ్యాస్: ఆ వీడియోలో చెప్పని లెక్క

బెంగళూరు చుట్టుపక్కల ఆనేకల్, హొసకోటె, దేవనహళ్ళి వైపు పాడి పెట్టుకున్న మన తెలుగువాళ్ళ ఫోన్లలో ఒక వీడియో తెగ తిరుగుతోంది. 200 లీటర్ల ప్లాస్టిక్ డ్రమ్ములో రాగిగడ్డి, పేడ కుక్కి, బ్యాక్టీరియా పొడి చల్లితే మూడోరోజుకే గ్యాస్ వస్తుందట. ఇక సిలిండర్ కొనక్కర్లేదట, ఎక్కువైన గ్యాసును ఖాళీ సిలిండర్లో నింపుకోవచ్చట. గ్యాస్ పోగా మిగిలిన స్లర్రీలో, అంటే పేడనీళ్ళలో, సత్తువ ఉండదు కాబట్టి పారబోయమంటున్నారు. గోబర్ గ్యాస్ మంచిదే. ఇలాంటి మాటలు నమ్మి డబ్బు పోగొట్టుకున్నవాళ్ళు అసలు ప్లాంటు జోలికే రాకుండా పోతారన్నదే మా బాధ.

ముందు సిలిండర్ సంగతి. మన వాతావరణంలో పేడ డ్రమ్ములో 40 రోజులైనా ఉండాలి. డ్రమ్ములో పైన ఖాళీ వదిలితే 160 లీటర్లు పడుతుంది. అంటే రోజుకి వేయగలిగేది 4 లీటర్లే: 2 కిలోల పేడ, 2 లీటర్ల నీళ్ళు. కిలో పచ్చిపేడకి సుమారు 40 లీటర్ల గ్యాస్ వస్తుంది కాబట్టి రోజుకి 80 లీటర్లు. పొయ్యి గంటకి 450 లీటర్ల దాకా కాలుస్తుంది. పదకొండు నిమిషాలు కూడా నిండదు. పాలు కాచి డికాక్షన్ దించేసరికి మంట ఆరిపోతుంది. నలుగురైదుగురున్న ఇంటికి 2 ఘనమీటర్ల ప్లాంటు కావాలి, అందులోకి రోజూ 50 కిలోల పేడ, అన్నే నీళ్ళు పోయాలి. అదీ మూడు నాలుగు పశువులున్న కొట్టం లెక్క.

పొడి కొనక్కర్లేదు. కావలసిన సూక్ష్మజీవులు ఆవు కడుపులోంచి పేడతోనే వస్తాయి. కొన్ని గడ్డిని చక్కెరలుగా విడగొడతాయి, కొన్ని ఆ చక్కెరలను ఆమ్లాలుగా మారుస్తాయి, చివర మీథేన్, అంటే మండే గ్యాస్, చేసేవి వేరే ఉంటాయి. ఈ చివరివి చాలా నిదానంగా పెరుగుతాయి. అందుకే మొదటి రోజుల్లో వచ్చేది ఎక్కువగా కార్బన్ డయాక్సైడే, అంటుకోదు. పెరుగుకి తోడు వేసినట్టు పాత ప్లాంటు స్లర్రీ నాలుగు బకెట్లు పోస్తే మంట త్వరగా వస్తుంది, అయినా రెండు మూడు వారాలు పడుతుంది. మొదట నిండిన గ్యాసులో గాలి కలిసి ఉంటుంది, దాన్ని నిప్పు దగ్గరలేని చోట వదిలేయాలి. తొందరపడి ఎక్కువ పేడ పోస్తే ఆమ్లం పేరుకుని పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 6.5 కిందికి దిగుతుంది, పుల్లటి వాసన కొడుతుంది, మంట ఆరిపోతుంది. అప్పుడు కొన్ని రోజులు పేడ పోయడం ఆపి, కాస్త సున్నపు తేట, పాత స్లర్రీ పోయాలి. కొట్టం కడిగిన ఫినాయిల్ నీళ్ళు లోపలికి పోయినా ఇదే గతి.

అసలు చిక్కంతా గడ్డి దగ్గరుంది. పేడలో కార్బన్, నత్రజని పాళ్ళు 25కి 1 ఉంటే వరిగడ్డిలో 70 దాటుతుంది, అంత తక్కువ నత్రజనితో సూక్ష్మజీవులు సరిగా పెరగవు. గడ్డికి గట్టిదనమిచ్చే లిగ్నిన్ అనే పదార్థాన్ని గాలి లేనిచోట ఈ జీవులు కరిగించలేవు. పైగా గడ్డి తేలుతుంది. కొన్నాళ్ళకి పైన జానెడు మందాన తెట్టె కడుతుంది, పైన ఎండి చాపలా, కింద జిగటగా. కింద పుట్టిన గ్యాస్ పైకి రాలేక ఆగిపోతుంది, ఇన్‌లెట్ పైపు మూసుకుపోతుంది. బెంగళూరు ఐఐఎస్సీలో 1974లో మొదలైన ఆస్త్రా అనే గ్రామీణ సాంకేతిక విభాగం ఆకు, అలములతో గ్యాస్ తీయడానికి ప్లాంటు ఆకారమే మార్చాల్సివచ్చింది. మామూలు ప్లాంటులో వేయాలనుకుంటే పశువులు వదిలేసిన గడ్డిని అంగుళంలో సగానికి తరిగి, స్లర్రీతో తడిపి పది రోజులు కుప్ప పెట్టాలి. 50 కిలోల పేడకి 2 కిలోలు మించకూడదు, దానికి అదనంగా 15-20 లీటర్ల నీళ్ళు పోయాలి.

డిసెంబరు, జనవరి రాత్రుల చలికి గ్యాస్ తగ్గుతుంది. భూమిలో కట్టిన డోము (గుమ్మటం) ప్లాంటు తట్టుకుంటుంది, గాలికి నిలబెట్టిన డ్రమ్ము తట్టుకోదు.

ఖాళీ సిలిండర్లో నింపమనడం మాత్రం ప్రాణాల మీదికి తెచ్చే మాట. వంటగ్యాస్ కాస్త ఒత్తిడికే ద్రవమవుతుంది. మీథేన్ మైనస్ 82 డిగ్రీలకన్నా చల్లబడితే తప్ప ఎంత ఒత్తినా ద్రవం కాదు. వాహనాలకి వాడే బయోగ్యాసును ముందు శుద్ధి చేసి, 200 బార్లకి పైగా ఒత్తిడిని తట్టుకునే వేరే సిలిండర్లలో నింపుతారు. శుద్ధి చేయని గ్యాసులోని హైడ్రోజన్ సల్ఫైడ్ ఇనుముని తినేస్తుంది, పీలిస్తే మనిషిని పడగొడుతుంది. తెట్టె తీయడానికని ఎవరూ లోపలికి దిగకూడదు.

ఇక స్లర్రీ. గ్యాసుగా పోయేది కార్బన్, హైడ్రోజన్, ఆక్సిజన్; నత్రజని దాదాపు అంతా లోపలే ఉంటుంది, అందులో కొంత భాగం మొక్క వెంటనే తీసుకునే అమ్మోనియం రూపంలో. ఎండలో ఆరబెడితే ఆ భాగం ఎగిరిపోతుంది. తిన్నగా కాలవనీళ్ళలో కలిపి పారించండి, లేదా నీడలో గుంట తీసి, పశువులు తినగా మిగిలిన గడ్డి పొరల మీద పోయండి. మంచి రాగిగడ్డిని మాత్రం ఆవుకే వేయండి, అరిగేదాంట్లో చాలావరకు దాని కడుపులోనే అరిగి పాలకి, ఒంటికి పనికొస్తుంది, మిగతాది పేడగా ప్లాంటుకే వస్తుంది.