ఉరిమితే ఫోన్ ఆఫ్ చేయొద్దు

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం, జడ్చర్ల దగ్గరి మా ఊళ్లో పెద్దనాయన ఇంటి దాబా మీద పది మందిమి నిలబడ్డాం. నాసా వాళ్ల ‘స్పాట్ ద స్టేషన్’ యాప్ చెప్పిన నిమిషానికే నైరుతి మూల నుంచి ఒక చుక్క లేచింది. మినుకు లేదు, చప్పుడు లేదు. నడినెత్తి దాటి ఈశాన్యం వైపు పోతూ ఆకాశం మధ్యలోనే ఆరిపోయింది. భూమి నీడలోకి వెళ్లిందని చెప్పాను. సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున, గంటకు దాదాపు 28 వేల కిలోమీటర్ల వేగంతో తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం అది. 2000 నవంబర్ నుంచి అందులో మనుషులు లేని రోజు లేదు. పెద్దనాయన ఈ అంకెలు పెద్దగా పట్టించుకోలేదు. “రైలు గూడ గింత టైమ్‌కు రాదు గదరా” అన్నాడు.

ఆ మాట నాలో ఉండిపోయింది. ఆకాశం గురించి ఫోన్ చెప్పింది నిజమవడం ఆయన కళ్లారా చూసింది అదే మొదటిసారి. నా ఫోన్‌లో ఇలాంటి యాప్‌లు నాలుగైదు ఉన్నాయి. వాటిలో ప్రాణం కాపాడేది, పిడుగు ముప్పును హెచ్చరించే ‘దామిని’. అయితే దామిని గురించి ఊరికి చెప్పే ముందు అంతరిక్ష కేంద్రాన్ని చూపించాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. నమ్మకం కుదరని చోట హెచ్చరిక పనిచేయదు.

నమ్మకపోవడానికి కారణాలూ ఉన్నాయి. 1979లో అమెరికా అంతరిక్ష కేంద్రం స్కైలాబ్ పడుతుందన్నప్పుడు మన పల్లెల్లో ఎంత భయం పుట్టిందో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఎలాగూ పోతామని కోళ్లు, మేకలు కోసుకుతిన్న ఇళ్లున్నాయి. చివరికి ఆ జులై 11న అది హిందూ మహాసముద్రంలో, పశ్చిమ ఆస్ట్రేలియాలో ముక్కలై పడింది. ఇప్పుడు ఆ పని వాట్సాప్ చేస్తోంది. ఈ రాత్రి కాస్మిక్ కిరణాలు వస్తాయి, ఫోన్లు ఆఫ్ చేయండి అనే అబద్ధపు మెసేజ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది.

నిజానికి ఆకాశాన్ని చూసి పని మొదలుపెట్టడం పాలమూరు రైతుకు ఎవరూ నేర్పనక్కర్లేదు. కార్తెలంటేనే ఆకాశపు లెక్క. సూర్యుడు ఒక్కో నక్షత్రం దగ్గర పదమూడు, పద్నాలుగు రోజులు ఉంటాడు. అలా ఇరవై ఏడు కార్తెలు. చుక్కల ఆకాశాన్ని చూపే ‘స్టెల్లేరియం’ యాప్‌లో తేదీ జూన్ 8 పెట్టి, వాతావరణం అనే సెట్టింగ్ తీసేస్తే పట్టపగలు కూడా చుక్కలు కనిపిస్తాయి. సూర్యుడు ఒరాయన్ అనే చుక్కల గుంపు తలకు దగ్గర్లో నిలబడి ఉంటాడు. ఆ తల దగ్గరి చిన్న చుక్కలే మృగశిర. మృగశిర కార్తె అన్న మాటను చిన్నప్పటి నుంచి వింటున్నాను. దాన్ని కంటితో చూసింది మాత్రం ఈ యాప్‌లోనే. పెద్దనాయనకు చూపిస్తే ఫోన్ చేతిలోకి తీసుకుని, రోహిణి ఎక్కడుందని అడిగాడు. కృష్ణ ఒడ్డున వేల ఏళ్ల నాటి ముడుమాల్ నిలువురాళ్ల దగ్గర ఒక బండ మీద సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలున్నాయని పరిశోధకులు చెబుతారు. ఈ నేల మీద ఆ చూపు అంత పాతది.

ఉపగ్రహాలూ మనకు దూరపువి కావు. జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం యాంటెనాలు మన ఉపగ్రహాల చిత్రాలను అందుకునేది షాద్‌నగర్‌లో. 2016 దాకా అది మహబూబ్‌నగర్ జిల్లానే.

ఇక దామిని. పుణెలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసింది. పిడుగు పడ్డప్పుడు రేడియో తరంగాలు వెలువడతాయి. దేశంలో అక్కడక్కడా పెట్టిన సెన్సర్లు వాటిని పట్టుకుంటాయి. ఏ సెన్సర్‌కు ఎప్పుడు చేరిందన్న తేడాను బట్టి పిడుగు ఎక్కడ పడిందో లెక్కగడతారు. మనం ఉన్న చోటికి 20, 40 కిలోమీటర్ల లోపు ముప్పుంటే యాప్ హెచ్చరిస్తుంది. మెరుపు కనిపించాక ఉరుము వినబడేదాకా లెక్కపెట్టి, మూడు సెకన్లకు ఒక కిలోమీటరు అనుకోవడం మనకు తెలిసిన పద్ధతి. అదీ మంచిదే. కాకపోతే ఉరుము వినబడిందంటే పిడుగు అప్పటికే దగ్గరికొచ్చినట్టు.

నన్ను బాధపెట్టేది ఏంటంటే, సరిగ్గా ఆ సమయానికే మనవాళ్లు ఫోన్ ఆఫ్ చేస్తారు. “ఉరుముతుంది, ఫోన్ బంద్ చేయ్” అని ప్రతి ఇంట్లో అంటారు. మొబైల్ ఫోన్ పిడుగును లాగదు. పిడుగు ఎక్కువగా ఎత్తుగా, ఒంటరిగా ఉన్నదాని మీద పడుతుంది. అది చెట్టు కావచ్చు, స్తంభం కావచ్చు, ఖాళీ చేలో నిలబడ్డ మనిషి కావచ్చు. తీగ ద్వారా కరెంటు రావచ్చు కాబట్టి చార్జింగ్‌లో పెట్టిన ఫోన్ ముట్టుకోవద్దన్నది నిజం. ఆ ఒక్క నిజం పెరిగి పెద్దదై, హెచ్చరించాల్సిన వస్తువు నోరు మూయించింది. చేలో ఫోన్ ఆఫ్ చేసి, అదే చేతో గొడుగు పట్టుకుని వేపచెట్టు కిందికి వెళ్లేవాళ్లను చూస్తే నాకు టెన్షన్ వస్తుంది.

ఒక తేడా మాత్రం ముందే చెప్పాలి. అంతరిక్ష కేంద్రం నిమిషం తప్పదు. పిడుగు అలా కాదు. హెచ్చరిక వచ్చిన రోజు మన చేలో ఏమీ పడకపోవచ్చు. ఇది దాచిపెట్టి యాప్‌ను పొగిడితే, రెండోసారి ఎవరూ లేవరు.

అందరి ఫోన్లలో యాప్ ఎక్కించాలనేది మంచి ఆలోచనే, కానీ గొర్రెల వెంట వెళ్లేవాళ్లు తెర చూస్తూ నడవరు. హెచ్చరిక పరిధి 20 కిలోమీటర్లయితే, ఊరికి ఒక్క ఫోన్ చాలు. పంచాయతీ దగ్గర ఒక మనిషి, గుడి మీది మైకు. ఏప్రిల్, మే నెలల్లో నల్లగొండ కల్లాల్లో మబ్బు పట్టగానే వడ్ల మీద పట్టాలు కప్పడానికి మనుషులు బయటికే పరుగెత్తుతారు. మైకు ముందే మోగితే పట్టా కప్పి లోపలికి రావచ్చు, ఆఖరి ఉరుము తర్వాత అరగంట ఆగి మళ్లీ వెళ్లొచ్చు.

పెద్దనాయన ఇప్పుడు ఫోన్‌ను ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి నడుముకు కట్టుకుంటున్నాడు, ఆఫ్ చేయడం లేదు. అది మోగితే “అర్జునా, ఫల్గుణా” అనుకుంటూనే గొర్రెలను ఊరి వైపు మళ్లిస్తున్నాడు.