ఆరు నెలల వాలిడిటీ గారికి ఎనిమిది రోజుల బాకీదారు రాయునది

మహారాజశ్రీ ఆరు నెలల పాస్‌పోర్టు వాలిడిటీ నిబంధన గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమం. మేము అంటే నేనొక్కడినే. మిగతా ముగ్గురూ కౌలాలంపూర్‌లో క్షేమంగా ఉన్నట్టు ఫొటోలు వస్తున్నాయి. బాతూ గుహల దగ్గర 272 మెట్లూ ఎక్కి మా ఆవిడా పిల్లలూ నిలబడ్డ ఫొటో ఇందాకే వచ్చింది. పక్కన ఒక కోతి కూడా ఉంది. దాని పాస్‌పోర్టు ఎవరూ అడిగినట్టు లేదు.

తమరి పేరు ఇదివరకు వినలేదని అబద్ధం చెప్పను. మలేషియా వెళ్లేవాళ్లకిచ్చే ఏ సూచనల్లో చూసినా తమరే మొదట ఉంటారు. "పాస్‌పోర్టుకు కనీసం ఆరు నెలల గడువు ఉండాలి." చదివాను. నాది 2016లో తీసుకున్నది, 2026 మార్చి దాకా ఉంది. మేం వెళ్లేది 2025 సెప్టెంబరు, దసరా సెలవులు. సెప్టెంబరు నుంచి మార్చికి ఆరు నెలలే కదా అని మనసులో లెక్కేసుకుని, పక్క లైనులోకి వెళ్లిపోయాను. నెలలు లెక్కపెట్టాను గానీ తేదీలు లెక్కపెట్టలేదు. అదీ నేను చేసిన నేరం.

తమరి తోబుట్టువులందరి మాటా అక్షరం పొల్లు పోకుండా విన్నాను, అది మాత్రం రికార్డు చేసుకోండి. దిగేముందు మూడు రోజుల్లోపు నింపాల్సిన డిజిటల్ అరైవల్ కార్డు మా అబ్బాయి నలుగురికీ నింపాడు. అచ్చం సర్కారు సైటులాగే ముస్తాబై, ఉచితంగా అయ్యే పనికి డాలర్లు అడిగిన సైటుని పసిగట్టి బయటికొచ్చింది కూడా వాడే. రిటర్న్ టికెట్, హోటల్ బుకింగ్, బ్యాంకు స్టేట్‌మెంటు, బీపీ మాత్రలకి డాక్టరు చీటీ, అన్నిటికీ మూడేసి జిరాక్సులు. బైకు మీద వచ్చి బ్యాగు లాక్కుపోతారంటే మా ఆవిడ బ్యాగు అడ్డంగా తగిలించుకుని ఇంట్లో రెండు రోజులు ప్రాక్టీసు చేసింది. దురియన్ పండు హోటల్ గదిలోకి తేవద్దన్నారు, తేమని అప్పుడే ఒట్టేసుకున్నాం. ఎవరో ఇచ్చిన పార్సెల్ మోయొద్దన్నారు. అది నూటికి నూరుపాళ్లూ నిజమైన మాట, అక్కడ మాదకద్రవ్యాల కేసంటే ఉరి దాకా వెళ్లొచ్చు. అందుకే "మా మరిది కొడుక్కి కాస్త కారప్పొడి" అన్న పక్కింటావిడకి మొహమాటం లేకుండా కుదరదని చెప్పాం. ఆవిడ ఇప్పటికీ మాట్లాడటం లేదు. ఇంతా చేస్తే చివర్న ఒక లైను: "దేశంలోకి రానివ్వడం, రానివ్వకపోవడం ఇమ్మిగ్రేషన్ అధికారి ఇష్టం." మరి పైనున్నదంతా ఎందుకు చదివించారో!

సరే, మొన్న రాత్రి శంషాబాద్.

కౌంటర్లో అమ్మాయి మా ఆవిడ పాస్‌పోర్టు చూసింది, పిల్లలవి చూసింది, నాది తెరిచింది. మూసింది. మళ్లీ తెరిచింది. ఎడమచెయ్యి బల్ల మీద పెట్టి, మేం దిగే సెప్టెంబరు 24 నుంచి లెక్కగా, చిటికెన వేలి దగ్గర మొదలుపెట్టింది. అక్టోబరు 24, నవంబరు 24, డిసెంబరు 24, జనవరి 24, ఫిబ్రవరి 24. బొటనవేలితో ఆ చెయ్యి అయిపోయింది. ఆరో నెల కోసం కుడిచెయ్యి ఎత్తింది. పాస్‌పోర్టు వంక చూసింది. మార్చి 16. ఎత్తిన చెయ్యి అలాగే దించేసింది.

"ఎనిమిది రోజులు తగ్గింది సార్."

పచారీ కొట్లో చిల్లర తగ్గిందని చెప్పినట్టు చెప్పింది. నేను నిజంగానే జేబులు తడుముకున్నాను.

ఆ అమ్మాయిని తప్పుపట్టను. అక్కడ దిగాక నన్ను లోపలికి రానివ్వకపోతే, వెనక్కి మోసుకురావాల్సింది ఆ విమానం వాళ్లే. కాబట్టి ఆ రాత్రికి ఆ కౌంటరే మలేషియా, ఆ అమ్మాయే అక్కడి సర్కారు. "మీరొక్కరే ఆగాలి సార్, ఫ్యామిలీ వెళ్లొచ్చు" అంది. "మీరు లేకుండా మేమెలా వెళ్తామండీ?" అంది మా ఆవిడ. అలా అంటూనే సూట్‌కేసు జిప్పు తీస్తోంది.

మా బట్టలన్నీ కలిపి రెండు సూట్‌కేసుల్లో సర్దాం. ఇప్పుడు నావి వేరు చెయ్యాలి. వెనక యాభైమంది లైను. నేల మీద గొంతుక్కూర్చుని, పిల్లల స్వెటర్ల కిందినుంచి నా లుంగీలు, మా ఆవిడ చీరల మధ్యనుంచి నా బనియన్లు ఒక్కొక్కటే లాగాను. ఒకాయన తన ట్రాలీ కాస్త జరిపి నాకు చోటిచ్చాడు, ఆయన రుణం ఉంచుకోలేను. బీపీ మాత్రలు దొరకలేదు. అవసరమైన రోజున అవి కౌలాలంపూర్ వెళ్లిపోయాయి. పులిహోర డబ్బా కూడా వాళ్లతోనే వెళ్లింది. చీరల షాపు సంచిలో నాలుగు జతల బట్టలు కుక్కుకుని, తెల్లవారుజామున పుష్పక్ బస్సెక్కి ఇంటికొచ్చాను. "అప్పుడే వచ్చేశారా సార్?" అన్నాడు వాచ్‌మన్.

ఇక అసలు సందేహం. కోపం కాదండీ, సందేహమే.

2023 డిసెంబరు నుంచి మలేషియా మనవాళ్లని వీసా లేకుండా రానిస్తోంది. సంతోషం. ఎన్నాళ్లకి? 30 రోజులకి. ముప్పై ఒకటో రోజున అక్కడ కనబడితే నేరం. మరి నెలకు మించి ఉండనివ్వని ఇంట్లోకి అడుగుపెట్టడానికి ఆరు నెలల గడువెందుకు? నా రిటర్న్ టికెట్టు 29వ తేదీకి. నాకు కావలసింది ఐదు రోజులు, నా దగ్గర ఉన్నవి ఐదు నెలల ఇరవై రోజులు. ఐదు రోజుల పనికి అది చాలదంటే, తమరు నా గురించి ఏమనుకుంటున్నట్టు?

రెండు రాత్రులు నిద్రలేక ఆలోచిస్తే నాకు తోచింది ఒక్కటే. తమరిని రాసినవాడి మనసులో కుంభకర్ణుడు ఉండి ఉంటాడు. లంక నుంచి టూరిస్టుగా వస్తాడు, హోటల్లో చెకిన్ అవుతాడు, పడుకుంటాడు. ఆరు నెలల తర్వాత లేచేసరికి పాస్‌పోర్టు చెల్లకపోతే? నిజమే, ఇబ్బందే. కానీ అతను అప్పటికే ఐదు నెలలు ఓవర్‌స్టే చేసేశాడు కదండీ, ముందు దాని సంగతి చూడొద్దా?

అక్కడ జబ్బుపడొచ్చు, కాలో చెయ్యో విరగొచ్చు, అనుకున్నరోజుకి బయల్దేరలేకపోవచ్చు, అందుకే ముందుజాగ్రత్త అంటారు. బాగుంది. మరి ఆ జబ్బు జపాన్‌లో రాదా? అక్కడ ఉన్నన్నాళ్లూ పాస్‌పోర్టు చెల్లితే చాలంటారు. బ్రిటన్‌లోనూ అంతే. యూరప్‌లో షెంగెన్ దేశాలవాళ్లు తిరుగు ప్రయాణం రోజు నుంచి మూడు నెలలు అడుగుతారు. నేపాల్, భూటాన్ అయితే ఓటరు కార్డు చూపించినా రానిస్తాయి. మలేషియా, సింగపూర్, దుబాయ్ దగ్గరికొచ్చేసరికి తమరు గుమ్మంలో కుర్చీ వేసుకుని ఉంటారు. అంటే మనిషి కాలు లండన్‌లో విరిగితే ఒకలా, కౌలాలంపూర్‌లో విరిగితే ఒకలా అతుక్కుంటుందా?

నా డ్రైవింగ్ లైసెన్సు ఆఖరి రోజు రాత్రి దాకా చెల్లుతుంది. జ్వరం మాత్ర ఆఖరి నెల దాకా పనిచేస్తుంది. ఆఖరికి పాల ప్యాకెట్టు కూడా దాని మీద వేసిన తేదీకి కట్టుబడి ఉంటుంది. పదేళ్లని రాసి, డబ్బు కట్టించుకుని, తొమ్మిదిన్నరేళ్లకే చేతులెత్తేసేది ఈ ఒక్క పుస్తకమే. అందులో 36 పేజీలు. నేను ముద్ర వేయించుకున్నవి రెండు. మిగతావి అలాగే తెల్లగా ఉన్నాయి, చాకిరేవు నుంచి వచ్చిన పంచెలాగా.

పోనీ ఇవన్నీ దిగమింగుతాను. దిగమింగలేనిది ఒకటుంది. టికెట్టు కొన్న రోజు ఆ సైటు నన్ను అడిగింది: పాస్‌పోర్టు గడువు తేదీ ఏమిటి? రాశాను, 16 మార్చి 2026. ప్రయాణం తేదీ దానికి తెలుసు. వెళ్లే దేశం తెలుసు. మధ్య పేరులో ఒక అక్షరం తప్పితే ఎర్రగా మండిపడే యంత్రం, ఈ తేదీ చూసి కిక్కురుమనలేదు. పచ్చటి టిక్కు పెట్టింది. భోజనం శాకాహారమా, మాంసాహారమా అనడిగింది. కిటికీ సీటుకి ఇంకో 600 తీసుకుంది. హ్యాపీ జర్నీ అంది.

ఎవడి జర్నీరా హ్యాపీ?

అడిగింది నువ్వే కదా ఆ తేదీ! ఎందుకడిగావు, నా జాతకం రాయడానికా? ఆ రోజే "నాయనా, ఎనిమిది రోజులు తక్కువుంది, ఆగు" అని ఒక్క ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది? తత్కాల్‌కి 3,500 కట్టి వారంలో కొత్త పుస్తకం తెచ్చుకునేవాణ్ని. అర్ధరాత్రి యాభైమంది ముందు బనియన్లు ఏరుకునే గతి తప్పేది. టికెట్టు డబ్బు వెనక్కి రాదట. ఇన్సూరెన్సుకి ఫోన్ చేస్తే, కాగితాలు సరిగ్గా లేకపోతే వర్తించదన్నారు. కాగితాలు సరిగ్గా లేవా? ఒరేయ్, మూడేసి జిరాక్సులు తీశానురా!

క్షమించాలి. తమరు నిబంధన, సైటు వేరు. కోపంలో కలిపేశాను. అయినా ఇద్దరూ ఒక గూటి పక్షులే.

నేను అంతగా వెళ్లాలనుకున్నది జంట టవర్ల కోసం కాదు. మా తాత అన్నగారు శ్రీకాకుళం నుంచి మలయాకి, అంటే ఇప్పటి మలేషియాకి, తోట కూలీగా ఓడెక్కి వెళ్లాడు. 1938లో ఇక్కడి అప్పటి సర్కారు ఆ కూలీలని పంపడం ఆపించకముందు మాట. ఆయన గడువు ఎవరూ వేళ్ల మీద లెక్కపెట్టలేదు. వెళ్లడం ఎంత తేలికో రావడం అంత కష్టమైన కాలం, ఆయన తిరిగి రానేలేదు. ఆయన కోడలు, నాకు వరసకి పెద్దమ్మ, పేరాక్‌లో ఉంది. ఎనభై దాటాయి. మలయ్ మాట్లాడుతుంది, తమిళం మాట్లాడుతుంది. తెలుగు మాత్రం మా నాయనమ్మ మాట్లాడినట్టే మాట్లాడుతుంది. ఆవిడ కోసం పొందూరు చీర కొన్నాను. చీర వెళ్లింది.

ఇప్పుడే వీడియో కాల్ చేశారు. మా ఆవిడ ఫోన్ పెద్దమ్మ మొహానికి మరీ దగ్గరగా పెట్టింది. నాకు ఒక చెవి, చెవి కమ్మ, భుజం మీద చీర అంచు కనబడ్డాయి.

"నువ్వు రానేదేటి బాబూ?" అంది.

"ఆరు నెలలు చాల్లేదు పెద్దమ్మా," అన్నాను.

కాసేపు మాట లేదు. సిగ్నల్ పోయిందనుకున్నాను.

"అయ్యో, ఆరు నెల్లుంతానంటే నానొద్దంతానేటి?" అంది. "రా, ఉండు."

కొత్త పాస్‌పోర్టుకి ఈ ఉదయమే అప్లై చేశాను. పదేళ్లని రాసిస్తారు. క్యాలెండరు మీద తొమ్మిదిన్నర దగ్గర గీత గీసుకుంటాను.

ఇట్లు,
తమకు ఎనిమిది రోజులు బాకీపడ్డ
ఒక ప్రయాణికుడు కానివాడు