గులాబీ పురుగును ఒక్కో చేనులో ఆపలేం

గులాబీ పురుగు పట్టిన పత్తికాయ పైకి బాగానే కనిపిస్తుంది. పిల్లపురుగు దూరిన రంధ్రం పూడుకుపోతుంది. పగలగొట్టి చూస్తేనే తినేసిన గింజలు, రంగు మారిన దూది బయటపడతాయి. అప్పుడు మందు కొట్టినా లాభం ఉండదు.

పురుగును చంపే విషం మొక్కలోనే తయారయ్యేలా జన్యువు చేర్చిన బీటీ పత్తికి మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది, రెండు జన్యువుల రకానికి 2006లో. దాదాపు పదేళ్లకే ఈ పురుగు రెండింటినీ తట్టుకోవడం నేర్చింది. విత్తనానిదే లోపమని కొందరు, రైతుదే తప్పని కొందరు అంటున్నారు. రెండూ సగం మాటలే. ఒకదాన్ని చూసి ఒకటి మారే భాగాలెన్నో ఉన్న చోట, మొత్తం ఫలితాన్ని ఏ ఒక్క భాగంలోనూ వెతకలేమని సంక్లిష్టత సిద్ధాంతం చెబుతుంది. పత్తి విషయంలో జరిగింది సరిగ్గా అదే.

విత్తన సంచీలో 450 గ్రాముల బీటీతో పాటు 120 గ్రాముల నాన్ బీటీ పొట్లం ఇచ్చేవారు. దాన్ని చేను చుట్టూ ఐదు వరుసలు వేయాలి. దీన్నే ఆశ్రయ పంట అంటారు. అక్కడ విషం తగలకుండా బతికిన రెక్కల పురుగులు, బీటీని తట్టుకున్న కొద్దిపాటి పురుగులతో జతకడితే పుట్టే పిల్లల్లో ఎక్కువ భాగం బీటీకి చచ్చిపోతాయని లెక్క. పొట్లం చాలా చోట్ల చేనుకే చేరలేదు. ఎందుకు చేరుతుంది? ఆ వరుసల్లో పంట పోతే నష్టం ఆ రైతుది, మేలు మాత్రం ఊరందరిది. పక్క రైతు వేయకపోతే తను వేసినా ఫలితం దక్కదు. అప్పు తెచ్చి సాగు చేసే మనిషి ఆ వరుసలు వదులుకోకపోవడం తెలివితక్కువతనం కాదు. అందరూ తమ వరకు సరైన నిర్ణయమే తీసుకున్నారు, ఊరంతా నష్టపోయింది. దేశంలో పత్తి విస్తీర్ణం 90 శాతానికి పైగా బీటీ అయ్యాక నాన్ బీటీ విత్తనం దొరకడమే కష్టమైంది. పైగా చివరి ఏరుడు కోసం ఫిబ్రవరి దాకా చేను ఉంచితే పురుగుకు తిండి తెగదు.

చైనాలో రైతులు సంకర విత్తనం రెండో తరాన్ని వేశారు. అందులో దాదాపు పావు వంతు మొక్కలు నాన్ బీటీవి. ఎవరూ చెప్పకుండానే ఆశ్రయ పంట చేనులో కలిసిపోయింది, పురుగు లొంగే ఉంది. అమెరికాలో రైతులు కలిసికట్టుగా పనిచేశారు, పిల్లలు పుట్టకుండా చేసిన రెక్కల పురుగులను గాల్లోంచి వదిలారు. 2018లో అక్కడి పత్తి నుంచి గులాబీ పురుగు పోయిందని ప్రకటించారు.

అందుకే మన దగ్గర సలహా చేనుకు కాదు, ఊరికి ఇవ్వాలి. నాన్ బీటీ గింజలు సంచీలోనే కలిపి ఇవ్వడం మొదటి మెట్టు. ఊరంతా ఒకే వారం రోజుల్లో విత్తడం, డిసెంబర్ కల్లా చేను ఖాళీ చేసి మోళ్లు పీకేయడం, జిన్నింగ్ మిల్లుల దగ్గర రెక్కల పురుగులను పట్టే బుట్టలు పెట్టడం తర్వాతివి. చివరి ఏరుడు వదులుకున్నందుకు డబ్బు ఎవరు ఇస్తారో ముందే తేల్చకపోతే మాత్రం ఇవేవీ అమలు కావు.