స్కూటరుకూ కరువు భత్యం కావాలి

పింఛనుదారు వయసు పెరిగేకొద్దీ ప్రభుత్వానికి మనసు కరుగుతుంది. కేంద్ర సర్వీసులో రిటైరైన వారికి 80 ఏళ్లు నిండితే మూల పింఛనుపై 20 శాతం అదనం. నూరేళ్లు బతికి చూపిస్తే ఏకంగా నూరు శాతం. ముసలితనంలో ఖర్చులు పెరుగుతాయని గుర్తించినందుకు సంతోషం. మరి అదే ప్రభుత్వం పాత బజాజ్ చేతక్ స్కూటరు దగ్గరికొచ్చేసరికి ఇంత కఠినంగా ఎందుకుంటోందో విజయనగరం రిటైర్డ్ మాస్టార్ల తరఫున నిలదీయక తప్పడం లేదు. 15 ఏళ్లు నిండిన టూవీలరుకు రిజిస్ట్రేషన్ పొడిగించాలంటే వెయ్యి రూపాయలు. 20 దాటితే, 2025 ఆగస్టు నుంచి, రెండు వేలు. మనిషి ముసలివాడైతే ఇస్తారు, బండి ముసలిదైతే లాక్కుంటారు. రెండూ ఒకే జేబుతో వ్యవహారం.

కాలుష్యం అంటారు. నిజమే. టూ స్ట్రోక్ ఇంజిన్ లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్ల ఆయిల్ తాగుతుంది, తాగినదానికి పొగ రూపంలో లెక్క చెబుతుంది. కానీ నెలలో సగం రోజులు గంటస్తంభం దగ్గర షెడ్డులోనే ఉండే బండి ఊరిని ఏపాటి పాడు చేయగలదు?

ఆ షెడ్డులో మెకానిక్ ప్లగ్గు విప్పి, గరుకు కాగితంతో రుద్ది, ఉఫ్ఫని ఊది, వెలుతురులోకి ఎత్తి చూస్తాడు. నా ఎక్స్‌రేని ఏ డాక్టరూ అంతసేపు చూడలేదు. ఆనక తీర్పు: "కార్బురేటర్ కూడా పోనాది మేస్టారూ. సామాను ఇక్కడ దొరకట్నేదు. ఇసాపట్నం నుంచి రప్పించాల."

ఎంతవుతుందని అడిగితే బండిని కాదు, నన్ను ఎగాదిగా చూస్తాడు. పింఛను ఒకటో తారీఖున పడుతుందని అతనికీ తెలుసు.

కంపెనీ 2020లో అదే పేరుతో కరెంటు బండి దించింది. మా అబ్బాయి అది కొనుక్కోమంటాడు. పక్కకి వంచి కిక్కు కొట్టే పని లేనిదాన్ని చేతక్ అనడానికి నాకు నోరు రాదు.

కాబట్టి మా కోర్కెలు ఇవీ: మాకిచ్చినట్టే బండికీ ఏడాదికి రెండుసార్లు కరువు భత్యం పెంచాలి. క్లచ్ వైరుకీ బ్రేకు లైనర్లకీ మెడికల్ రీయింబర్స్‌మెంట్ వర్తింపజేయాలి. నా తదనంతరం బండికి ఫ్యామిలీ పెన్షన్ ఇవ్వాలని కూడా రాశాను గానీ, మా ఆవిడ చదివి ఎర్ర సిరాతో కొట్టేసింది.

సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్సులో వినతిపత్రం ఇస్తున్నాం. వెళ్లడానికి ఆటో మాట్లాడాను. ఆ డబ్బులు కూడా బండి ఖాతాలోనే రాశాను.