ఫోర్ లింక్ పెడితే సరిపోదు

పికప్ ట్రక్కు ఎత్తు తగ్గించడంపై వచ్చిన వ్యాసంలో, లీఫ్ స్ప్రింగులు (పట్టీ స్ప్రింగులు) తీసేసి ఫోర్ లింక్ (యాక్సిల్‌ను ఛాసిస్‌కు కలిపే నాలుగు కడ్డీలు), ఎయిర్ బ్యాగులు (స్ప్రింగుల బదులు వాడే గాలి సంచులు) బిగిస్తే వెనక భాగం దిగిపోతుందని తేల్చేశారు. అంత తేలిక కాదండీ. బాగా దించాక గుంతలో పడితే యాక్సిల్ ట్యూబు (వెనక చక్రాల ఇరుసు ఉండే గొట్టం) పైకి లేచి ఛాసిస్‌కు కొట్టుకుంటుంది. అందుకే ఛాసిస్ ఫ్రేమ్‌ను అక్కడ అర్ధచంద్రాకారంలో కోసి, మందపాటి ప్లేటు వెల్డింగ్ చేయాలి. ఊరికే కోసి వదిలేస్తే బరువు వేసినప్పుడు వంగేది అక్కడే.

ప్యాన్‌హార్డ్ రాడ్డు (యాక్సిల్ పక్కలకు జరగకుండా దాన్ని ఛాసిస్‌కు అడ్డంగా కలిపే కడ్డీ) పొట్టిదైతే సస్పెన్షన్ ఆడినప్పుడల్లా యాక్సిల్ పక్కకు జరుగుతుంది. వీలైనంత పొడుగ్గా, మామూలు ఎత్తులో నేలకు సమాంతరంగా ఉంచాలి. ఫోర్ లింక్‌లోని పై రెండు కడ్డీలను, పైనుంచి చూస్తే V ఆకారంలో కనిపించేలా ఏటవాలుగా పెడితే ఆ రాడ్డే అక్కర్లేదు, కానీ వాటికి చోటు దొరకడమే కష్టం.

పినియన్ కోణం (ఇంజిన్ శక్తిని తెచ్చే డ్రైవ్ షాఫ్ట్ వెనక యాక్సిల్‌కు కలిసే చోటి వాలు) గురించి మాత్రం వ్యాసంలో ఒక్క ముక్కా రాయలేదు! అది తేడా వస్తే స్పీడులో బండి వణుకుతుంది, యూనివర్సల్ జాయింట్లు (డ్రైవ్ షాఫ్ట్ చివర్లలో మలుపు తిరిగే కీళ్లు) త్వరగా పోతాయి.